అడగడం మానేసిన పిల్ల

ఇంట్లోనే బట్టలు కుట్టే యమున, కొత్తవాడలో సొంతంగా చిన్న టైలరింగ్ షాపు పెట్టాలని ఏడాదిగా ప్రతి ఖర్చూ తగ్గించుకుంటూ వస్తోంది. కూతురు సింధు ఏదడిగినా ఒకటే కసురు: "ఇప్పుడు కాదు."

ఆ సాయంత్రం కూతుర్ని బడి నుంచి తీసుకొస్తుంటే మిర్చీ బజ్జీల బండి ఎదురైంది. వాసన తగలగానే సింధు చటుక్కున ముఖం అటు తిప్పుకుంది.

"తింటవా బిడ్డా?"

"వద్దమ్మా, ఆకలైతలేదు," అంది పిల్ల గుటక మింగుతూ.

యమున గుండె కలుక్కుమంది. పిల్ల మారాం చేయడం లేదని ఇన్నాళ్లూ మురిసిపోయింది. అది ఆశలు చంపుకుంటోందని ఇప్పుడు తెలిసింది. వంగి కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

"అడుగుడు బంద్ చెయ్యకు బిడ్డా. ఉన్నప్పుడు కొనిస్త, లేనప్పుడు లేదని చెప్త. అడిగినందుకు ఇగ కోప్పడ."

సింధు తల్లి ముఖంలోకి చూసింది. "అయితే ఒక ప్లేట్ తిందామా, ఇద్దరం?"

తిన్నారు. కారానికి ఇద్దరికీ కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇంకో ప్లేట్?"

"ఇయ్యాల్టికి చాలు," నవ్వింది యమున.

"సరే తియ్. మరి షాపు పెట్టినంక?"

ఇల్లు చేరేదాకా పిల్ల ఏదో ఒకటి అడుగుతూనే ఉంది. యమునకు ప్రాణం హాయిగా ఉంది.