ఇరవై ఏడుకి సాక్షి

హుద్‌హుద్ తుఫాను నాడు నా డంపరు, అందులో ఉన్న ఇరవై టన్నుల బొగ్గుతో సహా, గాలికి లేచి డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ పక్కన దిగింది. నేను కిందికి దిగి, టైర్లలో గాలి చూసుకుని, మళ్ళీ నెమ్మదిగా పోర్టులోకి తోలుకొచ్చేశాను. కావాలంటే మా బావమరిది ఎల్లారావును అడగండి, వాడు పక్కసీట్లోనే ఉన్నాడు, అని ఇదివరకైతే అనేవాణ్ణి.

నా కథ ఏదైనా సరే, అడిగినవాళ్ళందరికీ వాడు ముప్పై ఏళ్ళపాటు ఒకే జవాబు చెప్పాడు. "అవును, నాను సూసేను."

ఇది మాకు పోర్టులో అబ్బిన రివాజు. మధ్యాహ్నం క్యారేజీలు కడుక్కున్నాక ఎవడో ఒకడు కథ చెప్పాలి. చెప్పినవాడు సాక్షిని చూపించాలి. సాక్షి ముందుకొచ్చి చూశానంటే కథ నిలబడ్డట్టు. ఎవడూ రాకపోతే చెప్పినవాడే అందరికీ టీలు పోయించాలి. నమ్మేవాడు ఒక్కడూ ఉండడు, నమ్మమని అడిగేవాడూ ఉండడు. రిటైరయ్యాక ఆ రివాజును మల్కాపురంలో హుస్సేన్ బాషా టీ బడ్డీకి తెచ్చుకున్నాం. ఎల్లారావు నా డంపరు మీద క్లీనరుగా చేరినవాడు, నా భార్య తాయారుకి తమ్ముడు. వాడుండగా నా జేబులోంచి ఎవరికీ ఒక్క టీ కూడా వెళ్ళలేదు.

పోర్టులో కాంట్రాక్టు పోయాక ఎల్లారావు కార్లు తోలుతున్నాడు. ఈ మధ్య కనకరత్నం గారి దగ్గర కుదిరాడు. ఆవిడది గుడివాడ వైపు. నర్సుగా చేసి రిటైరయి, గాజువాకలో ఇల్లు కట్టుకుంది. మంచాన పడ్డవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి కట్లు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం ఆవిడ పని. పొద్దున్న ఏడున్నరకి బయల్దేరితే సాయంత్రం దాకా కారులోనే. అందుకే కొత్త కారు కొంది. స్టీరింగు పక్కన ఆకుపచ్చ ఆకు బొమ్మతో ఒక బటన్ ఉంది, దాన్ని ఎకో అంటారు.

ఒక రోజు కారు బడ్డీ ముందు ఆగింది. ఎల్లారావు వచ్చి నా పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. ఆవిడ అద్దం దించి, బాషా ఇచ్చిన గ్లాసు అందుకుంటూ నన్ను పలకరించింది.

"బాబాయి గారూ, మీరు ముప్పై నాలుగేళ్ళు బండి నడిపారంట కదా. ఈ బటన్ నొక్కితే నిజంగా పెట్రోలు మిగులుతుందా? షోరూమ్ వాళ్ళేమో మిగులుతుందన్నారు. మా అన్నయ్య అదంతా ఉత్తదే అంటున్నాడు."

నాకు తెలియదు. డంపరుకి అలాంటి బటన్లుండవు. తెలియదమ్మా అని చెప్పి టీ తాగితే ఈ కథే ఉండేది కాదు. కానీ బెంచీ మీద నలుగురున్నారు, నలుగురూ నా నోటివైపే చూస్తున్నారు.

"మిగలడమేటమ్మా!" అన్నాను. "మా అల్లుడికీ ఇదే బండి. బటన్ నొక్కకపోతే లీటరుకి పదహారు. నొక్కితే ఇరవయ్యేడు. మొన్న సింహాచలం కొండ దిగతన్నప్పుడు సూత్తే పెట్రోలు ముల్లు పైకెల్తంది! ఇంజను తాగింది తాగినట్టు మల్లీ ట్యాంకులోకి కక్కేత్తంది."

బాషా నవ్వు దాచుకోవడానికి పాలగిన్నె వైపు తిరిగి అడిగాడు. "సాచ్చి ఎవులు బావా?"

ఎల్లారావు గ్లాసు కింద పెట్టాడు. "నానే. పక్కనే కూకున్నాను. ఇరవయ్యేడు. నా కల్లతో సూసేను మేడమ్."

బెంచీ అంతా నవ్వింది. కనకరత్నం గారూ నవ్వింది. అందరం ఒకే దానికి నవ్వుతున్నామనుకున్నాను. ఆవిడ నవ్వింది మంచి కారు కొన్నానన్న సంతోషంతోనట. ముల్లు పైకెళ్ళడం ముసలాడి సరదా అని వదిలేసి, ఇరవై ఏడును మాత్రం మనసులో పెట్టుకుని వెళ్ళింది. ఎందుకు పెట్టుకోదు? చెప్పినవాడు పాత డ్రైవరు, చూసినవాడు సొంత డ్రైవరు.

పన్నెండు రోజులు పోయాక ఒక పొద్దున్న తాయారు పెరట్లో కూర్చుని, జాలరిపేట మనిషి ఇచ్చి వెళ్ళిన కానాగంత చేపలు బాగుచేస్తోంది. నేను పక్కన నిలబడి, ఒకప్పుడు చేపలే గంప మోసుకుని వచ్చేవని ఏదో మొదలుపెట్టాను.

"ఆపుతావేటయ్యా," అంది. "మా తమ్ముడు నాలుగు రోజులై ఇంట్లోనే కూకున్నాడు. కారు తాలం ఇచ్చీసి వొచ్చీసినాడు."

"ఎందుకే?"

"నీ ఇరవయ్యేడు వల్ల."

కత్తి ఆపకుండానే చెప్పింది. కనకరత్నం గారు ట్యాంకు నిండా కొట్టించి, ఎనిమిది రోజులు బటన్ నొక్కించి, మళ్ళీ నిండా కొట్టించి లెక్క చూసుకుందట. పదహారు వచ్చింది. ఎల్లారావును పిలిచి, "ఇరవై ఏడు నువ్వే కళ్ళారా చూశానన్నావు కదా, మరి మన బండిలో మిగతా పెట్రోలు ఎటు పోతోంది?" అని అడిగిందట. గట్టిగా కూడా అనలేదట. వాడు తాళం మేకుకి తగిలించి, నడిచి ఇంటికి వచ్చేశాడు.

"మరి ఆడు సెప్పొచ్చు గదే, బావ ఊరికినే అన్నాడని?"

తాయారు అప్పుడు తలెత్తింది. "నానూ అదే అడిగేను. పరాయి మనిసి ముందల బావ అబద్దాలకోరని ఎలగ సెప్పనక్కా, బావ మాట పోద్ది గదా, అన్నాడు."

నా మాట పోయి నలభై ఏళ్ళయింది. మల్కాపురం మొత్తం మీద ఆ సంగతి తెలియనివాడు వాడొక్కడే.

ఆ పూట అన్నం ముందు కూర్చుని లేచిపోయాను. డీజిల్ దొంగల్ని నేను చాలామందిని చూశాను. ట్యూబు నోట్లో పెట్టి పీలుస్తారు కాబట్టి సబ్బుతో కడిగినా మూతి దగ్గర వాసన పోదు. ముప్పై ఏళ్ళు పక్కసీట్లో కూర్చున్న ఎల్లారావు దగ్గర బీడీ వాసన తప్ప నాకింకేదీ తగల్లేదు. గరాటులో మిగిలిన నాలుగు చుక్కల్ని కూడా ట్యాంకులోకి దులిపేవాడు. వాడికి నేను పెట్రోలు దొంగ అన్న పేరు తెచ్చిపెట్టాను, అదీ నలుగురు నవ్వడం కోసం.

ఆ పశ్చాత్తాపంతో వెంటనే పరిగెత్తానని రాయాలని ఉంది. పరిగెత్తలేదు. రెండు రోజులు బాషా బడ్డీ కనబడకుండా రిఫైనరీ గోడ వెంట చుట్టూ తిరిగి ఇంటికి వచ్చాను. ఎల్లారావు వీధివైపైతే అసలు వెళ్ళలేదు. మూడో రోజు పొద్దున్న గాజువాక వెళ్ళాను, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని. ఆవిడ గేటు తీసేసరికి నోరు అడ్డం తిరిగింది.

"అమ్మా, డ్రైవరు మానీసినాడంట గదా. రెండ్రోజులు నాను తోల్తాను. అసలు బండి సంగతేటో సూసీద్దాం."

ఇదీ నా ఎత్తు. నేను తోలినా పదహారే వస్తుంది. వస్తే ఎల్లారావు దొంగ కాడని కారే చెబుతుంది. నేను నోరు తెరవక్కర్లేదు.

మొదటి రోజు పొద్దున్నే బంకులో ట్యాంకు నిండా కొట్టించి, ఆకు బొమ్మ నొక్కి బయల్దేరాం. ఆవిడ నా పక్కన కూర్చుంది. కూర్మన్నపాలెం, ఉక్కునగరంలో మూడు సెక్టార్లు, తిరిగి వస్తూ సింధియా, మల్కాపురం. బటన్ నొక్కిన కారు తడి ఇసకలో నడుస్తున్నట్టుంది. కాలు వేస్తే, ఆలోచించుకుని గానీ కదలదు. వెనక కంటైనర్ లారీలవాళ్ళు హారన్లతో నన్ను తిడుతున్నారు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు చిరాకేసి అడుగంటా తొక్కాను. ఆ బటన్ ఇంజనుకి గ్లాసుతో తాగమని చెబుతోంది, నా కాలేమో బిందె ఎత్తి పొయ్యమంటోంది. దానికితోడు ఏసీ. స్టీల్ ప్లాంటు షిఫ్టు వదిలే వేళకి బస్సుల మధ్య ఇరుక్కుని పావుగంట ఉన్నచోటనే ఉన్నాం. నిలబడ్డ కారుకి ఏ బటన్ మాత్రం ఏం చేస్తుంది?

సాయంత్రం అదే బంకులో నింపితే, అరవై కిలోమీటర్లకి మూడు లీటర్ల ఏడువందల మిల్లీలీటర్లు పట్టింది. రెండో రోజు అదే దారి, అవే ఇళ్ళు, బటన్ నొక్కలేదు. మూడు లీటర్ల తొమ్మిదివందలు పట్టింది.

ఆవిడ ఫోన్లో లెక్క చూసింది. "నొక్కితే పదహారు పైన కొద్దిగా. నొక్కకపోతే పదిహేనున్నర లోపు. ఇంతేనా బాబాయి గారూ?"

"అంతేనమ్మా. కాలు నెమ్మదున్నోడికి ఇంకాస్త మిగులుద్దేమో. ఈ ట్రాఫిక్కులో ఇంతే," అన్నాను. రెండు రోజుల్లో నేను తెలుసుకుని చెప్పిన మాట అదొక్కటే.

ఆవిడ ఫోను పక్కన పెట్టింది. గండం గడిచిందనుకున్నాను.

"అయితే ఎల్లారావు తప్పేం లేదు. నా బండిలోనే ఏదో లోపం ఉంది," అంది. "రేపు షోరూమ్‌కి వెళ్దాం. మీ అల్లుణ్ణి కూడా బండి తీసుకుని రమ్మనండి. రెండూ పక్కపక్కన పెట్టి అడుగుతాను, దానికి ఇరవై ఏడు వచ్చి దీనికి పదహారు ఎందుకొస్తోందని."

బంకులో మా వెనక ఆటో వాడు హారన్ కొడుతున్నాడు. కారు పక్కకి తీసి ఆపాను.

"అమ్మా, మా అల్లుడికి కారు నేదు."

"లేదా?"

"స్కూటరుంది. దానికి బటన్ నేదు."

అప్పుడు కూడా నా నోటికి వేళాకోళమే వచ్చింది. ఆవిడ నవ్వలేదు.

"మరి ఇరవై ఏడు?"

"ఆ పూట నోటికొచ్చింది."

"ఎల్లారావు చూశానన్నాడే!"

పోర్టు సంగతి, క్యారేజీల సంగతి, సాక్షి సంగతి, టీల సంగతి అన్నీ చెప్పాను. బెంచీ మీద చెబితే కడుపుబ్బ నవ్వే సంగతులవి. ఆ కారులో ఒక్కొక్కటే పైకి తీసి చెబుతుంటే దేనికీ నవ్వు రాలేదు. డెబ్భై ఒక్కేళ్ళ మనిషిని, ఆవిడ వైపు తిరగలేక ఆ ఆకు బొమ్మ వైపు చూస్తూ చెప్పాను.

"అంటే అతను కూడా అబద్ధమే చెప్పాడు," అంది.

"నాకోసం సెప్పినాడమ్మా."

"నేను అతన్ని దొంగ అనుకున్నాను బాబాయి గారూ. రోజూ నా పక్కన కూర్చుని పేషెంట్ల ఇళ్ళల్లోకి సంచీ మోసుకొచ్చిన మనిషిని. ఈ రెండు రోజులూ నా పక్కనే కూర్చుని కూడా మీరు నోరు విప్పలేదు." సంచీ ఒళ్ళోకి తీసుకుని, "పోనివ్వండి, అతని ఇల్లు ఎక్కడ?" అంది.

ఎల్లారావు ఇంటిముందు పీట మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఆవిణ్ణి చూసి బీడీ పారేసి లేచాడు. ఆవిడ కారు తాళం వాడి చేతిలో పెట్టింది.

"పొరపాటు నాది ఎల్లారావ్. నిన్ను అలా అడగకుండా ఉండాల్సింది. రేపు ఏడున్నరకి వస్తావా?"

వాడు ఆవిడ వైపు కాదు, నా వైపు చూశాడు. "బావ సెప్పీసినాడా మేడమ్?"

"చెప్పారు."

తలూపాడు. లోపలికెళ్ళి రెండు గ్లాసులతో మంచినీళ్ళు తెచ్చాడు. ఆవిడకి ఇచ్చాడు, నాకూ ఇచ్చాడు. నాకిచ్చేటప్పుడు గ్లాసు వైపే చూశాడు.

"ఒరే, తప్పయిపోనాదిరా," అన్నాను.

"పోన్లే బావా."

అంతే. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది, దానికి నా దగ్గర జవాబులుండేవి.

వారం తర్వాత పొద్దున్నే ఎల్లారావు కనకరత్నం గారి ఇంటికి వెళుతూ బడ్డీ దగ్గర కారు ఆపాడు. రాత్రిళ్ళు కారు ఇప్పుడు వాడి దగ్గరే ఉంటోంది. వచ్చి ఎప్పటిలాగే నా పక్కన కూర్చున్నాడు. బెంచీ నిండుగా ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏదోటి సెప్పు బావా. వారం నుంచి బెంచీ సప్పబడిపోనాది," అన్నాడు బాషా.

చెప్పాను. అవుటర్ హార్బర్లో ఒకసారి ఓడ లంగరెత్తితే దానికి ఒక చేప తగులుకుని పైకొచ్చింది. క్రేనుతో దించి కోస్తే కడుపులో జాలరిపేట పడవ. పడవలో లాంతరు ఇంకా వెలుగుతోంది. పడవలో ఉన్న ముసలాయన మమ్మల్ని చూసి, "ఏటి, అప్పుడే తెల్లారిపోనాదా?" అని అడిగాడు. చెబుతుంటే నాకే ముచ్చటేసింది.

"సాచ్చి ఎవులు?" అన్నాడు బాషా.

అందరూ ఎల్లారావు వైపు తిరిగారు. వాడు టీ అడుగుదాకా తాగాడు. గ్లాసు బెంచీ మీద పెట్టాడు. కోపమేమీ లేదు వాడి ముఖంలో.

"నాను సూడనేదు బావా," అన్నాడు.

ఎవరూ నవ్వలేదు. నేను చొక్కా జేబులో చెయ్యి పెట్టాను.

"బాషా, అందరికీ టీలు పొయ్యి."

పోశాడు. ఎల్లారావు రెండో గ్లాసు నిలబడే తాగాడు. మేడమ్ ఎదురుచూస్తుంటారు, వెళ్ళాలి అన్నాడు. ఆవిడ బయల్దేరేది ఏడున్నరకి. అప్పటికింకా ఏడు కాలేదు.