మిద్దెకు చౌడు

మా ఆయన పోయిన రోజు నిచ్చెన మిద్దెకు ఆనించే ఉంది. నీళ్లు పోయే గొట్టంలో ఆకులు తీయాలని పొద్దున దాన్ని తెచ్చి పెట్టి, వింజమూరులో ఒక మోటారు బిగించి వచ్చి ఎక్కుతానని వెళ్లాడు. మోటారు బిగించాడు. తిరుగు బస్సు కోసం కూర్చున్న చోటే గుండె ఆగింది. ఆయన పేరు పెంచలప్రసాద్, పంపుసెట్ల మెకానిక్. చూడటానికి వచ్చినవాళ్లు గొడుగులూ చేతిసంచులూ ఆ నిచ్చెనకే తగిలించారు. అది ఆషాఢమాసం.

నేను ఉదయగిరిలో హైస్కూలు టీచర్ని. జీవశాస్త్రం చెబుతాను. మా ఇంట్లో బడి నాది, ఇల్లు ఆయనది. ఎండాకాలం గోడలకు సున్నం కొట్టడం, వానలకు ముందు మిద్దెకు చౌడు వేయడం, చలికాలం తలుపులకు నూనె పట్టడం ఆయనే చూసుకునేవాడు. ఏ పని ఎప్పుడు చేస్తాడో నాకు తెలుసు. ఎలా చేస్తాడో చూడలేదు.

కర్మ అయిన మరునాడు మా అత్త వెంకమ్మ ఉప్పు మానేసింది. కొడుకు సంవత్సరీకం దాకా ముట్టనని ఒట్టు పెట్టుకుంది. వంట ఆమెదే కాబట్టి నేనూ చప్పిడి కూడే తిన్నాను. పైన ఉప్పు చల్లుకోవచ్చు. ఆమె ఎదురుగా కూర్చుని చల్లుకోలేకపోయాను.

మా ఆయన అన్న, బావ పెంచలనరసయ్య ఆత్మకూరులో ఉంటాడు. ఆయనది స్లాబు ఇల్లు. వెళ్తూ వెళ్తూ మా మిద్దె వైపు చూశాడు.

"ఈ వానలు చూస్తానమ్మా. ఇల్లు ఉరిసిందంటే అమ్మను తీసకపోతా. నువ్వు బడికి పోతే ఆమె ఒక్కతే గదా ఉండేది."

"ఉరవదు బావా," అన్నాను.

ఆమె వెళ్లడం నాకు ఇష్టం లేదు. ఊళ్లో అందరూ ఆయన్ని "మంచిగా ఉండేవాడు" అనే అంటున్నారు. అత్త ఒక్కతే "వాడికి వంకాయ పడదు" అంటుంది. "వాడు మిద్దె ఎక్కితే పిలిచినా పలకడు" అంటుంది. ఆమె కూడా వెళ్తే ఆయన ఇంకా ఉన్నట్టు మాట్లాడేవాళ్లు ఈ ఇంట్లో ఉండరు.

మాది రాతిబండల మిద్దె. బండల మీద చౌడుమట్టి పరిచి, తడిపి, తొక్కి, చెక్కతో కొడతారు. చౌడులో ఏదీ మొలవదు. వేరే మట్టి అయితే గింజ మొలుస్తుంది, వేరు కిందికి దిగుతుంది, వేరు వెంట నీళ్లు దిగుతాయి. మట్టి చౌడో కాదో తెలియాలంటే చిటికెడు నాలుక మీద వేసుకోవాలి. ఉప్పగా ఉంటే చౌడు.

మా వైపు పెద్దవానలు కార్తీకంలోనే. దసరా సెలవుల్లో, ఏటా మాకు చౌడు తోలే సుందరయ్య ట్రాక్టరుతో మట్టి తెచ్చాడు. పాత చౌడుగుంత దగ్గర ప్లాట్లు వేశారని, ఇది వేరే చోట తవ్విందని చెప్పాడు.

"దించకముందే నోట్లో ఏసుకోని చూడండి టీచరమ్మా. మల్ల నన్ను అనొద్దు."

"నువ్వు చూడలేదా?"

"నాది కిళ్లీ నోరు. నాకు బెల్లమైనా ఒకటే, బూడిదైనా ఒకటే."

ఏటా కొడుకు చిటికెడు తెచ్చి ఇస్తే రుచి చూసి చెప్పేది అత్తే. ఆమె వైపు చూశాను.

"నాకు ఉప్పు ఒట్టు. మట్టిలో ఉండేదీ ఉప్పే," అంది.

"ఉమ్మేయొచ్చు గదా అత్తా."

"ఒట్టు నోటికా, కడుపుకా?"

వీధిలో పిల్లలు మట్టి తింటే చెవి పట్టుకుని నోరు కడిగించే నేను చిటికెడు తీసి నాలుక మీద వేసుకున్నాను. ఉప్పగా ఉంది. సందేహం లేనంత ఉప్పగా ఉంది. దించమన్నాను.

ఆషాఢం నుంచి చప్పిడి తింటున్న నోరు అది. ఆ రోజుల్లో చాక్‌పీసు పొడి పెదవికి తగిలినా ఉప్పగానే ఉండేదని తరువాత గుర్తొచ్చింది.

మిద్దె తొక్కించాను. చూడటానికి బాగానే ఉంది. కార్తీకంలో వాయుగుండం పట్టి ముసురు వదలలేదు. కాస్త తెరిపి ఇచ్చిన ఒక ఉదయం పక్కింటి లిదియమ్మ గేటు దగ్గర నిలబడింది.

"టీచరమ్మా, నిచ్చెన ఉండాదా? మా మేకను దించాల."

"ఎక్కడుంది?"

"మీ మిద్దె మీద. గోడెక్కి అట్నే ఎక్కేసింది."

"అక్కడేం పని దానికి?"

"మేత ఉంటే ఎక్కదా?"

ఎక్కి చూశాను. గరిక ఉంది, తుంగ ఉంది, సజ్జ కూడా జానెడు లేచి ఉంది. ఒక మూల టమాటా మొక్క పూతకు వచ్చింది. మేక నన్ను చూసి, మళ్లీ తన పని చూసుకుంది.

"కాసేపు ఉండనీండి టీచరమ్మా, కలుపు తీసే పని తప్పుతాది," అంది లిదియమ్మ కింద నుంచి.

"వాడు చూస్తే పడీ పడీ నవ్వుతాడు," అంది అత్త. ఆమె నవ్వలేదు.

ఆ వారమే ఇల్లు ఉరవడం మొదలైంది. ఎవరు చెప్పారో, బావ కారు మాట్లాడుకుని వచ్చాడు. అత్త మంచం మీద నుంచి లేవలేదు.

"యాడ ఉరుస్తా ఉండాది? నాకేం కనపడలా," అంది.

"మంచం పక్కన ఆ తపేలా ఎందుకు పెట్టినావమ్మా?"

"కడిగి ఆరబెట్టినా."

"నీళ్లు పడేచోటనా?"

"నీకు వంటింటి సంగతులు ఎందుకురా?"

తపేలాలో చుక్కలు పడుతూనే ఉన్నాయి. ఆమె దగ్గుతోంది. ఆ దగ్గు నాలుగు రోజులుగా ఉంది. బావ నా వైపు చూశాడు. నేను ఇంకో తపేలా తేవడానికి లేచాను. అప్పుడే బండల సందులో నుంచి పిడికెడు తడిమట్టి ఊడి ఆమె దిండు మీద పడింది. ఆమె దాన్ని చేత్తో పక్కకు తోసి, దిండు తిరగేసుకుంది.

"తీసుకపోండి బావా," అన్నాను.

ఆమె నన్ను చూసింది. "నన్ను పొమ్మంటున్నావా?"

"వానలు పోయేదాకా అత్తా."

"వాడుంటే ఈ మాట అంటావా?"

నేను ఆమె చీరలు మడిచి సంచిలో పెట్టాను. కారు ఎక్కేటప్పుడు ఆమె నా చెయ్యి పట్టుకోలేదు, కారు తలుపు పట్టుకుంది.

ఆ తరువాత వంటలో ఉప్పు వేశాను. మొదటి రోజు తినలేకపోయాను. చలికాలంలో మొక్కలు వేళ్లతో సహా పీకాను. తలుపులకు నూనె పట్టాను. ఎండలు ముదిరాక పాత మట్టి మొత్తం దించేసి, మర్రిపాడు దోవలో చౌడు ఉందంటే సుందరయ్యతో తెప్పించాను. ఈసారి నాలుక మీద నమ్మకం పెట్టుకోలేదు. కొంచెం మట్టి కుండలో పోసి సజ్జలు చల్లి నీళ్లు పోశాను. ఒక్కటీ మొలవలేదు. అప్పుడు మిద్దె మీద పరిపించి, నేనూ తొక్కాను. మొన్న గాలివాన వచ్చింది. ఇల్లంతా తిరిగి బండలు చూశాను. ఎక్కడా చెమ్మ లేదు.

ఆత్మకూరు నుంచి బావ ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తాడు. అమ్మకు దగ్గు తగ్గిందని, పొద్దున పూట వీధి చివరిదాకా నడుస్తోందని చెబుతాడు. ఆమెకు ఫోన్ ఇస్తాడు. బాగున్నావా అంటుంది. బాగున్నాను అంటాను. వాడికి నిరుడు కొన్న చొక్కా పెట్టెలో ఉందా అని అడుగుతుంది. ఉందని చెబుతాను. మిద్దె ఊసు ఆమె ఎత్తదు.

మిద్దె పని అయిపోయింది. సున్నం కూడా కొట్టించాను. ఆమెను పొమ్మన్న నోటితో తిరిగి రమ్మని ఇంకా అడగలేదు.