నాలుగో టికెట్టు

పులిహోర డబ్బా మూత సరిగా పట్టక, కారులో ఒడిలోనే పెట్టుకుని నల్లగండ్ల నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టు దాకా వచ్చాను. గ్యాస్ కట్టేసింది నేను, ఇంటికి తాళం వేసింది నేను. అత్తయ్య మోకాళ్ళ మాత్రలు, మా పాప అశ్విని స్వెట్టర్లు, మా ఆయన మధుసూదన్ చార్జర్లు సర్దింది నేనే. అయినా ఆ పొద్దు నాకు విసుగనిపించలేదు. మంచు చూడబోతున్నాను. నలభై దగ్గర పడుతోంది, ఫ్రిజ్‌లో పేరుకున్నది తప్ప మంచు ఎరగను.

శ్రీనగర్ వెళ్దామన్నది నేనే. చవక టికెట్లు వెతకడం కూడా నా పనే. ఇంట్లో, చుట్టాల్లో, కోకాపేటలోని మా ఆఫీసులో ఎవరు విమానం ఎక్కాలన్నా నా దగ్గరికే వస్తారు. "హరితా, జర మా అమ్మోళ్ళకు కాశీకి చూసిపెట్టరాదూ, నీకైతే ఐదు నిమిషాల పని" అంటాడు మా టీమ్‌లో రవీందర్. ఆ ఐదు నిమిషాల కోసం నా లంచ్ టైమంతా ఫోన్‌లోనే పోతుంది. శుక్రవారం బదులు వారం మధ్యలో చూడటం, వెళ్ళేది ఒక కంపెనీలో, వచ్చేది ఇంకో కంపెనీలో కొనడం నాకు మామూలే. ఇంకొకటి కూడా కనిపెట్టాను. తక్కువ ధర సీట్లు మూడే మిగిలినప్పుడు నలుగురికని వెతికితే నలుగురికీ ఎక్కువ ధరే చూపిస్తుంది. ముందు ముగ్గురికి కొని, అదే విమానంలో నాలుగోది వేరేగా కొనుక్కోవాలి. ఈ సంగతి మధుకి చెప్పింది నేనే. తన కార్డు మీద ఆఫరుందని చివరికి కొన్నది మాత్రం ఆయన. టికెట్లు పంపమని అడిగితే, "నా ఫోన్‌లో ఉన్నాయిలే, చెక్-ఇన్ కూడా నేనే చేస్తా. ఒక్క పనైనా నన్ను చెయ్యనివ్వు" అన్నాడు. ఆ మాటకి సంతోషపడ్డాను కూడా.

టెర్మినల్ గేటు దగ్గర జవాను మధు ఫోన్ చూశాడు, మా ఆధార్ కార్డులు చూశాడు. ఇందులో ముగ్గురి పేర్లే ఉన్నాయి, మేడమ్ టికెట్ ఏదని హిందీలో అడిగాడు.

"కిందికి జరపండి, ఉంటుంది" అన్నాను నవ్వుతూ.

మధు జరపలేదు. ఇంకో మెయిల్ తెరిచాడు. అందులో నా పేరు ఒక్కటే ఉంది. హైదరాబాద్ నుంచి ముంబై. అక్కడ మధ్యాహ్నం దాకా ఆగి, ఇంకో విమానంలో శ్రీనగర్. ఎవరిదో టికెట్టు అనుకుని మళ్ళీ చదివాను. పేరు నాదే. వెనక ట్రాలీ ఒకటి మడమకి తగిలింది, నొప్పి కూడా ఆలస్యంగా తెలిసింది.

లోపలికి వచ్చాక మధు గొంతు తగ్గించాడు. "నేరుగా వెళ్ళేదాంట్లో నాలుగో సీటు మరీ ఎక్కువుంది. అమ్మకి మోకాళ్ళు, పాప చిన్నది. వాళ్ళతో ఎవరో ఒకరు ఉండాలి కదా. ముగ్గురికి వేరే, ఒకరికి వేరే కొనాలని నువ్వే చెప్పావు."

"ఒకే విమానంలో అని చెప్పాను."

"నువ్వైతే మేనేజ్ చేసుకుంటావని..."

"ఎప్పుడు కొన్నారు?"

"పోయిన నెల. ముందే చెప్తే బాధపడతావని చెప్పలేదు."

నెల! నెలరోజులుగా ఈ మనిషి నా పక్కన పడుకున్నాడు. కిటికీ పక్క సీటు నాదేనని నేనంటే నవ్వాడు. సరేనన్నాడు కూడా.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది. "ఏమనుకోగాకమ్మా. నెమ్మదిగా రా. ఆ మాత్రలు మాత్రం నా సంచిలో పెట్టిపో, యాడుండాయో వాడికి తెలీదు."

అది కూడా ఎలాగో మింగేసేదాన్నేమో. ఇంతలో అశ్విని నా చున్నీ లాగింది. దానికి పదేళ్ళు. "అమ్మా, నాన్న నన్ను ముందే అడిగాడు. అమ్మ ఒక్కతే వేరేగా వస్తే ఫర్లేదా అని. అమ్మ ఏమనుకోదు అని నేనే చెప్పా."

తప్పు చేసిన మొహం కాదది. ఇంటికి సాయం చేశానన్న మొహం. మధు చేసింది మోసం, దానికి పేరుంది. నా కూతురు మాత్రం అబద్ధమాడలేదు. పుట్టినప్పటి నుంచి చూసింది చూసినట్టు చెప్పింది. మాడిన అడుగన్నం నాకు, కాలు విరిగిన కుర్చీ నాకు, అందరూ తిన్నాక మిగిలిన ముక్క నాకు. ప్రతిసారీ "నాకు ఫర్లేదు" అన్నది నేనే. వినీ వినీ, అమ్మంటే ఏదీ అనుకోవడం రాని మనిషని అది నమ్మేసింది. రేపు అదే ఇంకెవరికో నాలుగో మనిషవుతుంది.

మాత్రలు అత్తయ్య సంచిలో పెట్టాను. పులిహోర డబ్బా మధు చేతికిచ్చాను. టికెట్టు నా ఫోన్‌కి పంపించుకున్నాను. వాళ్ళు ముగ్గురూ వాళ్ళ గేటు వైపు వెళ్ళిపోయారు.

ముంబైలో దిగి ఫోన్ ఆన్ చేయగానే మధు మెసేజ్‌లు వరసగా వచ్చాయి. హోటల్ పేరేంటి? అమ్మ వేసుకోవాల్సింది తెల్ల మాత్రా, పసుపుదా? దేనికీ జవాబివ్వలేదు. ఓ మూల కూర్చుని నా టికెట్టు తెరిచాను. తిరుగు ప్రయాణం కూడా అంతే, వాళ్ళు నేరుగా, నేను ముంబై మీదుగా. కాకపోతే టికెట్టు వేరే కాబట్టి దాన్ని మార్చడానికి నేనెవరినీ అడగక్కర్లేదు. వాళ్ళు తిరిగెళ్ళే రోజుకి నాలుగు రోజుల తర్వాతకి మార్చాను, నేరుగా హైదరాబాద్‌కి. ఈసారి చవకది వెతకలేదు. అశ్వినిని స్కూలుకి ఎవరు పంపుతారన్న ఆలోచన వచ్చింది. వాళ్ళ నాన్న ఉన్నాడు. ఆఫీసుకి సెలవు పొడిగిస్తూ మెసేజ్ పెట్టేసరికి ఫోన్ మోగింది.

"అమ్మా, ఇక్కడ కొండల మీద మంచు కనిపిస్తోంది!" అశ్విని గొంతు. తర్వాత కొంచెం మెల్లగా, "నీకు కోపమొచ్చిందా? రాలేదంటున్నాడు నాన్న."

రాలేదమ్మా అన్న మాట అలవాటుగా నాలుక చివరికి వచ్చేసింది. దాన్ని అక్కడే ఆపాను.

"వచ్చింది."



"చాలా వచ్చిందా?"

"చాలా వచ్చిందమ్మా."

"నాన్నకి చెప్పనా?"

"నువ్వొద్దు. ఫోన్ నాన్నకివ్వు, నేనే చెప్తాను."