లిమిట్ ముందా, ఇంటిగ్రల్ ముందా

తమ్ముడి పరిశోధన పత్రం చదువుతున్న అక్క పెన్ను ఒకచోట ఆగింది.

"లిమిట్‌ని ఇంటిగ్రల్ లోపలికి ఎందుకు తోశావురా?"

"ఫిజిక్స్‌లో అందరం అలాగే చేస్తామక్కా. మీ మ్యాథ్స్ వాళ్లదంతా చాదస్తం."

ఆమెకు ఒళ్లు మండింది. పెన్ను వాడి చేతిలో పెట్టింది.

"ముందు ఇంటిగ్రల్ చెయ్యి. లిమిట్ ఆ తర్వాతే. వరుస మారిస్తే ఒక్కోసారి జవాబే మారిపోతుంది."

వాడు విసుక్కుంటూ మొదలుపెట్టాడు. సగం పేజీ దాటాక ఒక్కో వరుసా సరిచూసుకుంటూ రాశాడు. పత్రంలో ఈ లెక్కకు వచ్చిన జవాబు సున్నా కాదు కాబట్టే కొత్త కణం ఒకటి ఉండాలని వాడు తేల్చాడు. ఇప్పుడది సున్నా అయి కూర్చుంది.

"మళ్లీ చూస్తా."

"చూడు."

మళ్లీ సున్నాయే వచ్చింది.

ఆ కణాన్ని పట్టడానికి వాడి భార్య ఏడాదిగా ల్యాబ్‌లో యంత్రం బిగిస్తోంది. అక్క ఫోన్ వాడి ముందుకు జరిపింది.

"మీ ఆవిడకు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"