పండుగనాడు ఫ్లాపీకి బొట్టు

ఆ ఏడాది దసరాకు గంగమణికి కొత్త చీర మీద ధ్యాస లేదు, పిండివంటల మీద లేదు. ఉన్న దిగులంతా ఒక ఫ్లాపీ గురించే.

ఇంటర్ మధ్యలో చదువు మాన్పించి పెళ్లి చేస్తే, పట్టుబట్టి పోలీసు కానిస్టేబుల్ అయిన మనిషి ఆమె. ఇప్పుడు ఇంట్లో పాకే పిల్ల. అంతలో నిజామాబాద్ నుంచి కబురు వచ్చింది. కంప్యూటర్లలో దాగిన సాక్ష్యాన్ని చెడకుండా బయటికి తీసే విద్యను హైదరాబాద్‌లో నేర్పుతారట. జిల్లాకు ఒక్కరికి ఫీజు, హాస్టలు ఖర్చు ఏదో ట్రస్టు భరిస్తుందట. గంగమణి భయపడుతూనే పేరిచ్చింది.

ఎంపికకు వచ్చిన వాళ్లందరికీ ఆఫీసరు కంప్యూటర్ సమాచారం దాచే నల్ల ఫ్లాపీ బిళ్ల తలా ఒకటి చేతిలో పెట్టాడు. "ఇది సాక్ష్యమనుకోండి. పండుగ దాటాక తెచ్చివ్వండి. ఈలోగా దానికేమైందో, ఎవరు ముట్టుకున్నారో అడుగుతా" అన్నాడు.

చేతికందింది నోట్లో పెట్టుకునే పిల్ల ఇంట్లో ఉంది. అందుకని గంగమణి ఫ్లాపీని రుమాల్లో చుట్టి, దేవుడి పటాల పక్కన ఎత్తు గూట్లో పెట్టింది.

"పసుపు చేను ఎట్లున్నదని ఒక్కనాడన్న అడిగినవా? గా బిళ్లకు మాత్రం పహరా కాస్తున్నవ్" అని మొగుడు కాశీరాం ఎగతాళి చేశాడు.

పండుగ రోజు బందోబస్తు డ్యూటీ ముగించుకుని ఇంటికొచ్చేసరికి దేవుడి ముందు కొడవలి, గొడ్డలి, నాగలి కర్రు వరసగా ఉన్నాయి. వాటి పక్కనే ఫ్లాపీ. దాని ఇనుప రేకు మీద తడి పసుపు, నడుమ కుంకుమ, పైన నాలుగు అక్షింతలు!

"అత్తమ్మా! గిదేం జేసినవే?"

"ఏం జేసిన? ఆయుధ పూజ జేసిన" అంది లసుమవ్వ, మనవరాలికి గారె ముక్క తినిపిస్తూ. "నీ తుపాకీ ఇంటికి తేవాయె. గిదే గదా నీ పని సామాను! దేవుని కాడ నువ్వే వెట్టుకున్నవ్. బొట్టు లేకుంట ఎట్లుంచాలె?"

గంగమణికి ఏడుపొచ్చింది. కాశీరాం పరుగున తడిగుడ్డ తెచ్చాడు. "గింత దానికేడుస్తవేందే? తుడిస్తే పాయె. ఎవలకెర్క?"

ఆమె గుడ్డ అందుకుంది. రేకు అంచున సన్నని సందు కనిపించింది. తుడిస్తే పసుపు నీళ్లు అందులోకే పోయేలా ఉన్నాయి. గుడ్డ పక్కన పెట్టేసింది.

"తుడువ. ఉన్నదున్నట్టే తీస్కపోత."

"సీటు వోతదే పిచ్చిదానా!"

"పోతే పోనీ" అంటూ అక్షింతలు చెదరకుండా ఫ్లాపీని ఒక డబ్బాలో పెట్టింది.

లసుమవ్వ కొంగు దులుపుకుని లేచింది. "ముట్టింది నేను. చెప్పేది గూడ నేనే. నిజామాబాద్ బస్సు ఎప్పుడున్నదో అడుగు."

పండుగ దాటాక వెళ్లేసరికి, ఆఫీసరు ఎదుట వీళ్లకంటే ముందు చిన్నయ్య అనే కానిస్టేబుల్ నిలబడ్డాడు. అతని ఫ్లాపీ అద్దంలా మెరుస్తోంది.

"ఎవరైనా ముట్టుకున్నారా?"

"ఎవ్వలు ముట్టలే సార్."

ఆఫీసరు వేలితో రేకు పక్కకు జరిపాడు. లోపలి పల్చటి బిళ్ల మీద పసుపు మరక. "మరి ఇదేంది?"

చిన్నయ్య బుర్ర గోక్కున్నాడు. "పండుగ గద సార్... ఇంట్ల ఆడోళ్లు... కడిగిన గని..."

గదంతా ఘొల్లున నవ్వింది. "పొద్దుటి నుంచి కడిగినవే చూస్తున్నా!" అని ఆఫీసరు తల పట్టుకున్నాడు.

చివరికి గంగమణి వంతు. డబ్బా మూత తీసింది. ఎండిన బొట్టు, అక్షింతలు అలాగే ఉన్నాయి. ఆమె నోరు తెరిచేలోపే చంకలో పిల్లతో లసుమవ్వ ముందుకొచ్చింది.

"నేనే సారూ. తానం జేసి, కుడిచేత్తోనే వెట్టిన."

"ఎప్పుడమ్మా?"

"నైవేద్యం వెట్టకముందు."

"తర్వాత?"

"నా కొడుకు తుడువుమన్నడు. నా కోడలు తుడువలే."

మొగుడి గుట్టు కూడా బయటపడ్డందుకు గంగమణికి నవ్వూ వచ్చింది, భయమూ వేసింది.

"ఎందుకు తుడవలేదు?" అని ఆఫీసరు ఆమెనే అడిగాడు.

"తుడిస్తే తప్పు గనవడది సార్. లోపల చెడిపోతే ఎట్ల చెడ్డదో ఎవలకూ తెల్వది."

ఆఫీసరు డబ్బా మూత మెల్లగా పెట్టాడు. "సామాను కట్టుకోండి. హైదరాబాద్ మీరే పోతున్నారు."

గంగమణి సంతోషం గడప కూడా దాటలేదు. లసుమవ్వ చంకలోంచి పిల్ల తల్లి కొంగు లాగింది. ఆమె ముఖం వాడిపోయింది. "సార్, ఇంకా పాలు తాగే పిల్ల..."

"హాస్టల్లో పిల్లల్ని ఉంచుకోవచ్చని రూల్లేదు" అన్నాడాయన. రూల్స్ కాగితం తిరగేశాడు. "వద్దనీ రూల్లేదు. కానీ క్లాసు టైములో ఎవరు చూస్తారు?"

"నేను లేనా?" అంది లసుమవ్వ. "ఇంత పొయ్యి చూపియ్యుండ్రి, నా బువ్వ నేనే వండుకుంట."

"హాస్టల్లో పొయ్యి పెట్టకమ్మా! మెస్సుంది, అందులో తిను."

"వండుడు గూడ లేదా?" లసుమవ్వ ముఖం విప్పారింది. "సారూ, శిక్షణ జర ఎక్వ దినాలు వెట్టరాదు?"

బయటికొచ్చాక గంగమణికి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "అత్తమ్మా, మరి ఆయనకు వంటెవలు జేస్తరు?"

"వాడా? నీకు శిక్షణున్నది, వానికొద్దా?" అంటూ లసుమవ్వ పిల్లను ఎగరేసి పట్టుకుంది. ఊరికి పోయే ఆర్మూర్ బస్సు కదులుతుంటే పిల్లతో సహా ఇద్దరూ పరుగెత్తారు.