కషాయంలో కొరతపడిన ఐదు రోజులు

2023 సెప్టెంబరు 5, మంగళవారం ఉదయం ఆరున్నరకు బేతంచెర్ల నుంచి వచ్చిన ఆటో గిడ్డయ్యను కర్నూలులోని ఒక ఆసుపత్రి ముందు దించింది. మూత్రం ఆగిపోయి అప్పటికి రెండు రోజులు. రక్తపరీక్షలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ 11.2 వచ్చింది. మామూలుగా 1.3 దాటకూడదు.

గిడ్డయ్యకు యాభై రెండేళ్లు. బేతంచెర్లలో నాపరాయికి పాలిష్ పట్టే షెడ్డులో పని. జూన్‌లో ఆయన కుడికాలి బొటనవేలు వాచి, చెప్పు పట్టలేదు. పరీక్ష చేస్తే యూరిక్ యాసిడ్ 10.4, క్రియాటినిన్ 1.9 ఉన్నాయి. ఊళ్లో డాక్టరు రెండు మాటలు చెప్పాడు. యూరిక్ యాసిడ్ తగ్గడానికి రాసిన మాత్ర రోజూ వేసుకోవాలి. నొప్పి మాత్రలు మాత్రం ముట్టుకోకూడదు, అవి కిడ్నీలను తింటాయి. గిడ్డయ్య ఇంటికి చేరేసరికి ఆ రెండు మాటలూ ఒకటయ్యాయి. బిళ్ల ఏదైనా కిడ్నీలను తింటుందని భార్య రామేశ్వరమ్మకు చెప్పాడు. రాసిచ్చిన మాత్రలు కొనలేదు.

కోడుమూరు దగ్గర ఒక పల్లెలో లక్ష్మన్న ఆకుమందు ఇస్తాడు. గలిజేరు వేరు, పల్లేరు కాయలు, తిప్పతీగ ఎండబెట్టి దంచి పొట్లాలు కడతాడు. డబ్బు తీసుకోడు, తీసుకుంటే మందు గుణం పోతుందని ఆ ఇంట్లో నమ్మకం. ఆయన పెట్టే నియమాలు మూడు. కషాయం నలభై ఎనిమిది రోజులు తాగాలి. మొదలుపెట్టిన చెయ్యే చివరిదాకా కాచాలి. పొయ్యి మీద ఉన్నంతసేపు కాచే మనిషి మాట్లాడకూడదు, ఇంకొకరు గిన్నె దగ్గరికి రాకూడదు.

జులై 24న రామేశ్వరమ్మ కాచడం మొదలుపెట్టింది. తొమ్మిదో రోజుకూ గిడ్డయ్య గోడ పట్టుకునే నడుస్తున్నాడు. షెడ్డు మేస్త్రీ వీరేష్ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఏమప్పా గిడ్డన్నా, పెండ్లికొడుకు మాదిరి కూచున్నావే. సోమవారానికి రాకుంటే నీ మిషను కాడ వేరే మనిషిని పెడతానని ఓనరు చెప్తాండాడు."

"ఆకు పట్టుకోనీ. ఎగురుకుంటా వస్తా చూడు."

"ఎగురుకుంటా వద్దులేప్పా, నడుచుకుంటా రా చాలు."

ఆ సాయంత్రం రామేశ్వరమ్మ మందుల షాపులో నొప్పి బిళ్లలు ఒక పట్టీ కొన్నది. మరునాడు పొద్దున ఒక బిళ్ల నలిపి కాగుతున్న కషాయంలో వేసింది. ఎవరూ చూడలేదు. ఎవరూ అడగలేదు.

పన్నెండో రోజు గిడ్డయ్య పనికి పోయాడు. షెడ్డులో కాలెత్తి అందరికీ చూపించాడు. "ఒక్క బిళ్ల గూడ మింగలేదురా," అన్నాడు. ఆ నెలలో అక్కడి కూలీలు ఏడుగురు లక్ష్మన్న దగ్గరికి పోయారు. ఇరవై మూడో రోజు రామేశ్వరమ్మ బిళ్ల వెయ్యలేదు. మధ్యాహ్నానికి గిడ్డయ్య కుంటుకుంటూ ఇల్లు చేరాడు.

"సరిగ్గా కాచలేదు మే నువ్వు. నోరు మెదిపి ఉంటావు."

మరుసటి రోజు నుంచి ఆమె రెండు వేసింది. నలభై మూడో రోజు దాకా వేసింది.

ఆసుపత్రిలో డాక్టర్ అమూల్య అడిగింది, "నొప్పి మాత్రలు ఏమైనా వాడారా?"

"బిళ్ల మొగమే చూళ్లేదమ్మా. ఆకుమందే."

మంచం పక్కన రామేశ్వరమ్మ నిలబడి ఉంది. డాక్టరు కాగితంలో నాటుమందు అని రాసుకుంది. కిడ్నీలు మళ్లీ పనిచేస్తాయని చెప్పలేనంది. వారానికి రెండుసార్లు డయాలసిస్ తప్పదంది.

సెప్టెంబరు 16న ఇంటికి పంపారు. 19న పోయి డయాలసిస్ చేయించుకుని వచ్చారు. 22వ తేదీ శుక్రవారం గిడ్డయ్య రానన్నాడు.

"నలభై ఎనిమిది దినాలు తాగమనె. నలభై మూడు తాగితి. ఐదు దినాలు కొరత పడె, అందుకే ఇట్లయింది. పొడి ఉండాది గదా, కాయి."

"డాక్టరమ్మ పానం పోతాదంటాంది."

"ఆయమ్మకేం తెల్సు? నన్ను లేపి నడిపించింది ఆ మందే గదా?"

రామేశ్వరమ్మ ఆ రోజే కోడుమూరు బస్సెక్కింది.

"ఆపమని నువ్వు చెప్పన్నా. నీ మాటైతే వింటాడు."

"నా మందు నేనే ఆపమంటే ఎందుకని అడగడా? ఏం చెప్పల్ల?"

ఆమె బిళ్లల సంగతి చెప్పింది. లక్ష్మన్న చేతిలో పొట్లం కింద పెట్టాడు.

"వాని కాలు చూసి ఏడుమంది వచ్చిరి. వాళ్ల మాట విని ఇంగా శానామంది వచ్చిరి," అన్నాడు. "నేనైతే చెప్పలేనమ్మా. నువ్వు గూడ ఈ మాట యాడా అనొద్దు."

25వ తేదీ సోమవారం పొద్దున గిడ్డయ్య వాచిన కాళ్లతో వంటింట్లోకి వచ్చి, తనే గిన్నెలో పొడి పోసి నీళ్లు పెట్టాడు. రెండడుగులకు ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. రామేశ్వరమ్మ పొయ్యి ఆర్పింది.

"నిన్ను లేపింది ఆకు కాదు. బిళ్ల. నేనే వేసినా."

"ఏం బిళ్ల?"

"నొప్పి బిళ్ల."

"డాక్టరమ్మ నేర్పిచ్చిందా నీకు ఈ మాట? లక్ష్మన్న మింద చాడీలు చెప్తాండావు."

ఆమె చీరల పెట్టె అడుగు నుంచి పట్టీలు తెచ్చి ముందు పెట్టింది. ఆరు ఉన్నాయి. చివరి దాంట్లో ఏడు బిళ్లలు మిగిలి ఉన్నాయి. గిడ్డయ్య ఒక్కొక్కటి తిప్పి చూశాడు.

"ఎందుకేసినావే?"

"నువ్వు పనికి పోవల్లని. నొప్పికి ఓర్చలేకపోతాంటివి."

"నేను నీ చేతి మింద నమ్మకంతో తాగితి గదే."

గిడ్డయ్య గిన్నె తీసుకుపోయి వాకిట్లో వంచేశాడు.

26వ తేదీ మంగళవారం ఉదయం బస్సులో గిడ్డయ్య కర్నూలు పోయాడు. వెంట ఆయన పెద్దక్క ఉంది. రామేశ్వరమ్మ ప్రయాణానికి చీర మార్చుకుని బస్టాండు దాకా వచ్చింది. గిడ్డయ్య ఆమెను బస్సు ఎక్కనివ్వలేదు. ఆ రోజు డయాలసిస్ నాలుగు గంటలు జరిగింది. తిరిగి వచ్చాక ఆయన పెద్దక్క ఇంట్లో దిగాడు. అన్నం అక్కడే తింటున్నాడు. తాగే నీళ్లు తనే ముంచుకుంటున్నాడు.