పక్క గదిలో పడిన కాగితాలు

అక్క పళ్ల డాక్టరు. ఉద్యోగం పోయి తమ్ముడు ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటే, "మా క్లినిక్‌లో కంప్యూటర్లు నువ్వే చూసుకోరా" అని వెంటబెట్టుకొచ్చింది. వచ్చిన ప్రతి పేషెంటుకూ "మా తమ్ముడు, కంప్యూటర్లలో దిట్ట" అని చెప్పుకునేది. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా అతనికి ఒళ్లు మండేది.

లోపలి గదిలోని పాత కంప్యూటరు మొరాయిస్తుంటే, అందులో ఉచితంగా దొరికే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం ఎక్కించాడు. ఇక కొత్త ప్రింటరును నెట్‌వర్క్‌లో దానికి కలిపితే పని అయిపోయినట్టే. సెట్టింగ్స్ తెరవగానే ప్రింటరు పేరు దానంతటదే కనిపించింది. "ఇంతేనా!" అనుకుని దాన్నే ఎంచుకుని ప్రింట్ నొక్కాడు. తెర మీద పూర్తయిందని వచ్చింది గానీ, పక్కనున్న ప్రింటరు ఉలకలేదు, పలకలేదు. ప్రింటరును నడిపే సాఫ్ట్‌వేరు, డ్రైవరు మార్చాడు. మళ్లీ అదే వరస. విసుగెత్తి, ఖాళీ పేజీలో చేతికొచ్చింది టైపు చేసి, వరసగా నొక్కుతూ పోయాడు.

అంతలో హాల్లోంచి ఎవరో ముసలాయన కూడబలుక్కుంటూ పైకి చదవడం వినిపించింది.

"మా అక్కకు... తమ్ముడి మీద ప్రేమ కాదు, గొప్ప. నాకు... కూడు పెడుతున్నానని ఊరంతా టముకేస్తోంది... ఇదేం మందమ్మా?"

అవి తను టైపు చేసిన మాటలే! పరుగున బయటికొచ్చాడు. రిసెప్షన్ బల్ల మీద అచ్చం అలాంటి ప్రింటరే ఇంకా కాగితాలు కక్కుతోంది. తను ఎంచుకున్నది దాన్ని! మందుల చీటీ అనుకుని ముసలాయన ఒకటి తీసుకున్నాడు. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా నేల చూపులు చూస్తున్నారు. చేతికి గ్లవుజులతో గుమ్మంలో అక్క నిలబడి ఉంది.

ఆమె ముసలాయన చేతిలోని కాగితం మెల్లిగా అందుకుంది. "ఇది మీది కాదు బాబాయ్ గారూ, మావాడు ప్రింటరు పరీక్షిస్తున్నాడు" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

తల కొట్టేసినట్టయింది అతనికి. లోపలికెళ్లి, ఈసారి పక్కనున్న ప్రింటరు తెర మీద కనిపించిన నెట్‌వర్క్ అడ్రసు చూసి మరీ కలిపాడు. పేజీ ఠక్కున వచ్చింది. పని కుదిరినందుకు ఏడుపొచ్చింది.

మధ్యాహ్నం హాలు ఖాళీ అయ్యాక అక్క దగ్గరికెళ్లి నిలబడ్డాడు. "అక్కా..." అన్నాడు.

"నేను అలా చెప్పుకోవడం నీకు చిన్నతనంగా ఉందని నాకు తెలీదురా" అంది ఆమె, చేతులు కడుక్కుంటూ. "ఒక్క మాట అనుంటే మానేసేదాన్ని కదా."

"గొప్పకి కాదని నాకు తెలుసక్కా. తెలిసే రాశాను."

కుళాయి కట్టేసి అక్క అతని వైపు తిరిగింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. తిట్టినా బావుణ్ణనుకున్నాడు. తిట్టలేదు. "అన్నం తిందాం పద" అని ముందు నడిచింది. అతను వెనకే వెళ్లాడు గానీ, ఎదురుగా కూర్చుని తలెత్తలేకపోయాడు.